ఒకటో తారీఖు నుంచి ఒకటే రేటు

మా ఆయన పడుకున్నడు, నాకేమో ఆ వాట్సాప్ మెసేజే కండ్లల్ల తిరుగుతున్నది. మాది వాటర్ ప్లాంట్, టౌన్ల ప్లాంట్లోళ్ల గ్రూపుల పెట్టిండ్రు. ఒకటో తారీఖు నుంచి 20 లీటర్ల క్యాన్ ఇంటికేస్తే 20 రూపాయలు, ఎవ్వరు తగ్గించొద్దు, ఒకరి బజార్ల ఇంకొకరు ఆటో తిప్పొద్దు, తప్పితే 5 వేలు ఫైన్. కింద వరుసగా బొటనవేళ్లు. మా ఆయన వేలు ఒక్కటే ఇంకా పడలేదు. రేపు మీటింగ్ల సంతకాలట.

ఇదంతా నడిపిస్తున్న ఆ పెద్దమనిషి మొన్న స్వీట్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చిండు. "చెల్లే, మనమంతా ఒక్క కుటుంబం, మనలో మనం కొట్టుకుంటే బయటోడు బాగుపడ్తడు" అన్నడు. ఈ కుటుంబం మొన్నటి ఎండాకాలం ఎటు పోయిందో మరి, మా పెండ్లి ఆర్డర్లన్నీ 12 రూపాయలకే ఒప్పుకుని ఎత్తుకపోయింది ఈయనే, మా ఆటో పిల్లగాడికి వెయ్యి ఎక్కువిస్త రమ్మని ఫోన్ చేసింది ఈయనే, పైగా మా ఇంట్ల కూసుని మా క్యాన్ నీళ్లే తాగుకుంట "టీడీఎస్ ఎంత పెట్టిండ్రు, కొంచెం బరువున్నయి" అంటడా (టీడీఎస్ అంటే నీళ్లల్ల కరిగి ఉండే ఉప్పుల లెక్క)! స్వీట్లు మాత్రం మా అత్తమ్మ ఒక్కటి మిగలనియ్యలేదు. షుగరున్న మనిషి.

అసలు నాకు ఎక్కడ తగిలిందంటే, మా నాయన బత్తాయి తోట. నల్గొండ జిల్లాల గుర్రంపోడు దిక్కు మా ఊరు. కత్తెర కాపుకు వ్యాపారులు తోటకాడికే వస్తుండిరి. మొదట వచ్చినాయన టన్నుకు ఒక రేటు చెప్పి పోతడు, నాయన ఇయ్యనంటడు. రెండోనాయన అదే రేటుకు 500 తక్కువ చెప్తడు. మూడోనాయన తోట లోపలికి కూడా రాడు, గట్టు మీది నుంచే "ఫలానాయనకు ఇస్తున్నవంట కదా" అంటడు. ఇస్తున్నట్టు మాకే తెల్వది! కాయ చెట్టు మీద ఎన్ని రోజులు ఆగుతది? రాలుడు మొదలైతే నాయన మొదటాయనకే ఫోన్ చేసేది, ఆయన ఇంకో మాట తగ్గించి చెప్పేది, ఆ మీద సూటు, అంటే తరుగు పేరు చెప్పి టన్నుకు క్వింటాలు ఉత్తగనే కోసుకునేది. వాళ్లు ముగ్గురు నల్గొండల ఒకటే హోటల్ల చాయ్ తాగుతరని మా ఊర్ల అందరికి తెల్సు. సిండికేట్ అయిండ్రు అని నాయన తిట్టుకుంట లారీకి కాయ ఎత్తేది. అమ్మ మాత్రం ఏమనకపోయేది, ఎండిన కాలువల నిలవడి అట్లనే చూసేది.

ఇప్పుడు ఆ చాయ్ బల్ల మీద మా ఆయన కూసుంటడన్నట్టు.

కానీ ఇంకోటి కూడ చెప్పాలె. కరెంటు బిల్లు పెరిగింది, డ్రైవర్ జీతం పెరిగింది, క్యాన్ మాత్రం 15 కాడనే ఉన్నది. కొత్తగా ఒకాయన 10కే వేస్తున్నడు. ఆయనతోని పోటీ పడాలంటే మిగిలేది ఒకటే, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చుడు ఆపుడు. వేరే ఊరైతే ఏమోగాని మన జిల్లాల నీళ్లతోని ఆ ఆట ఆడొద్దు. ఫ్లోరైడ్ లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, దాటిన నీళ్లు తాగితే బొక్కలు ఏమైతయో మర్రిగూడ దిక్కు చూసినోళ్లకు చెప్పనక్కర్లేదు. నాగ్‌పూర్ల నీరి అనే పరిశోధన సంస్థోళ్లు పటిక, సున్నంతోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్ అని పెట్టిండ్రు, అంత పేరు మనది! మరి మంచి నీళ్లు ఇయ్యాలంటే అందరు ఒక్క మాట మీద ఉంటే తప్పేంది? గంట కింద నేను ఇట్లనే అనుకున్న, ఆయన వేలు నేనే నొక్కుదామనుకున్న.

బీకాం చదివిన పాపానికి ఫోన్ల చట్టం చూసిన. 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్. పోటీదార్లు కలిసి రేటు కట్టుడు, బజార్లు పంచుకునుడు రెండూ అండ్లనే ఉన్నయి, కాయితం మీద లేకున్నా, నోటి మాటైనా ఒప్పందమే. మా ఆయనకు చెప్తే నవ్విండు. "సిమెంటోళ్లకు వేసిండ్రు కదా, కట్టిండ్రా?" అన్నడు. రేట్లు కలిసి కట్టిండ్రని 2012ల కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంట్ కంపెనీలకు కలిపి 6 వేల కోట్ల పైన ఫైన్ వేసింది, 2015ల ట్రిబ్యునల్ కొట్టేసింది, 2016ల కమిషన్ మళ్లా వేసింది, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. "మన క్యాన్ల కోసం ఢిల్లీ నుంచి ఎవరొస్తరే" అని అటు తిరిగి పడుకున్నడు. రారు, నాకూ తెల్సు.

నాకు 20 రూపాయలతోని పంచాయితీ లేదు, అది న్యాయమైన రేటే. బజార్లు పంచుకునుడు కాడనే ఆగిపోతున్న. ఇయ్యాల మా నీళ్లు బాగలేకపోతే మా గల్లీ రిటైర్డ్ సార్ వాళ్లు ఇంకో ఆటోను ఆపుకుంటరు, ఆ భయంతోనే మా ఆయన ట్యాంకు కడుగుతడు (నేను మొత్తుకున్నందుకు కాదు). బజారు మాదే అని రాసుకున్నంక ఎందుకు కడుగుతడు? మా నాయనకు నాలుగోనాయన ఒక్కడు వచ్చి ఉంటే ఆ ముగ్గురి ఆట సాగకపోవు. ఆ కొత్తాయన 10కి వేస్తే నాకు ఒళ్లు మండుతది, అయినా సార్ వాళ్లకు ఆయన నాలుగోనాయన లెక్కనే కదా. ఆయన నీళ్లు టెస్ట్ చేయించి రిపోర్టు అందరికి చూపిస్తే సరిపాయె, దానికి సంతకాలెందుకు?

పొద్దున ఆయన మీటింగ్‌కు పోయే ముందు చెప్త. మన రేటు 18 చేద్దాం, మనమే చేద్దాం, ఎవ్వరినీ అడగొద్దు, ఆ కాయితం మీద మాత్రం సంతకం వద్దు అని. లొల్లి అయితది. ఆ పెద్దమనిషి మా ఆటో పిల్లగానికి మళ్లా ఫోన్ కొడ్తడు, అందుకే వాని జీతం ఈ నెలనే పెంచాలె.