చెవి కంటే ముందు కాళ్లకు తెలిసింది

నిన్న దేవరకొండ వైపు, మామయ్య చేను దగ్గర బండ మీద కూర్చున్నాం. దూరంగా గ్రానైట్ క్వారీలో తెల్లగా దుమ్ము లేచింది. ఆ వెంటే చెప్పుల్లేని కాళ్ల కింద బండ సన్నగా వణికింది. శబ్దం లేదు! ఒకటి, రెండు, మూడు... అప్పుడొచ్చింది ఢాం అని.

"నేలకు తొందరెక్కువ అల్లుడా" అన్నాడు మామయ్య, తలెత్తకుండానే.

నిజమే. ఈ ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే క్వారీ కిలోమీటరు పైనే. గట్టి గ్రానైట్‌లోనైతే అదే అదురు సెకనుకు నాలుగైదు కిలోమీటర్లు ఉరుకుతుంది. రాయి చాలా బిగువు, ఒక కణం కదిలితే పక్కది ఆగదు. (ఇళ్ల గోడలు పగులుతున్నాయని ఊళ్లో పంచాయితీ కూడా ఉందిలెండి.)

గాలిలో వచ్చిన అదురు కర్ణభేరిని తాకి, మూడు బుల్లి ఎముకల మీదుగా లోపలి చెవికి చేరుతుంది. వాటిలో చివరిదైన స్టేపిస్ మూడు మిల్లీమీటర్లే, ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక. అంత ఢాం దాని మీదుగానే పోయింది.

సాయంత్రం ఇంకో పేలుడు ఉందన్నారు. చెప్పులు విప్పి కూర్చున్నా.