కోట లేదు, రాజు లేడు, అన్నీ రైతుల ఇళ్లే

హోలాషోవిత్సె అంటే మన వరంగల్ వైపు ఎవరికీ తెలియకపోవచ్చు. చెక్ దేశం దక్షిణాన చెస్కే బుడెయోవిత్సె అనే పట్నం ఉంది, దానికి పడమటి దిక్కున పొలాల నడుమ ఉన్న చిన్న ఊరు ఇది, జనం నూటయాభై మంది కూడా ఉండరు. అక్కడ కోట లేదు, పెద్ద చర్చి లేదు, ఏ రాజూ అక్కడ ఉండలేదు. అయినా 1998లోనే యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. మన రామప్పకు 2021లో వచ్చింది కూడా ఇదే గుర్తింపు, కాకపోతే అక్కడ అది వచ్చింది రైతుల ఇళ్లకు. మా తమ్ముడు ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి నాకు చూసే అవకాశం దొరికింది, అప్పటి నుంచీ దీని గురించి రాయాలనే ఉంది.

ఊరి నడుమ పొడుగాటి పచ్చిక బయలు, అందులో ఒక కుంట, 1755లో కట్టిన చిన్న క్రైస్తవ ప్రార్థన గుడి, పక్కన పాత కమ్మరి కొలిమి. ఇళ్లన్నీ ఆ బయలు చుట్టూ దానివైపే మొహం పెట్టి ఉంటాయి. ఒక్కో ఇంటికి ముందు రెండు మొహాలు, వాటి మధ్య గోడ, గోడలో బండి పట్టేంత కమాను దర్వాజ. గోడల మీద సున్నంతో తీర్చిన వంపులు, పూలు, కొన్నిటి మీద కట్టిన సంవత్సరం కూడా ఉంటుంది. ఇప్పుడు కనబడే రూపం ఎక్కువగా 18, 19 శతాబ్దాలది. పట్నంలో పెద్దవాళ్ల మేడలకు చేసే పనితనాన్ని ఊరి మేస్త్రీలు రైతు ఇంటికి తెచ్చారన్నమాట. దర్వాజ దాటితే వాకిలి, పశువుల కొట్టం, వెనక ధాన్యం కొట్టు, ఆ వెనక తోట, తర్వాత పొలం. దక్షిణం వైపు పోతే బ్లాన్స్కీ లెస్ అడవి కొండలు, వాటిలో ఎత్తైన క్లెత్ 1084 మీటర్లు.

నన్ను బాగా పట్టేసింది ఆ రెండో మొహం. ఒకవైపు ఉన్నది అసలు ఇల్లు, రెండోవైపుది గింజలు దాచే గదో, లేకపోతే ముసలి తల్లిదండ్రులు ఉండే చిన్న ఇల్లో. కొడుక్కు వ్యవసాయం అప్పజెప్పిన రోజే కాగితం రాసుకునేవాళ్లు, అమ్మానాన్నలకు ఏటా ఎన్ని గింజలు ఇవ్వాలి, పాలెన్ని, కట్టెలెన్ని అని. చెక్ పల్లెల్లో ఇవన్నీ భూమి దస్తావేజుల్లోకి ఎక్కేవి. మన దగ్గర భూమి పంపకాల కాగితంలో గెట్లు, బావి వంతులు అన్నీ రాస్తారు, అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం నెలల వంతుల మీద నోటి మాటతో నడుస్తది, వంతు మారే రోజు సంచి పట్టుకొని ఇంకో కొడుకు వాకిట్లో నిలబడే పెద్దమనుషులను మా ఊళ్లో చూస్తూనే ఉన్నాను. కాగితం ఉంటే ప్రేమ పుడుతుందని కాదు. కానీ ఆ ఇంటి ప్లానులోనే వాళ్లకు ఒక జాగా ఉంది చూడండి, అది నాకు చాలా పెద్ద విషయం అనిపించింది.

చరిత్ర మాత్రం చల్లగా లేదు. ఊరి పేరు 1263 నాటి పత్రాల్లో మొదట కనబడుతుంది, తర్వాత విశ్శీ బ్రోద్ అనే క్రైస్తవ మఠం చేతికి పోయి 1848 దాకా వాళ్ల కిందే ఉంది. 1520 నుంచి 1525 మధ్య ప్లేగు వచ్చి ఊరంతా పోయింది, మిగిలింది ఇద్దరే. చచ్చిపోయినవాళ్లను పూడ్చిన చోట ఇప్పుడొక స్తంభం ఉంది. మన ఊళ్లలో గత్తర వచ్చిన కాలం గురించి ముసలివాళ్లు చెబుతుంటే వినేవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. మఠం వాళ్లు బవేరియా, ఆస్ట్రియాల నుంచి జనాన్ని తెచ్చి మళ్లీ ఊరు నిలబెట్టారు. అలా ఊరి భాష జర్మన్ అయింది. 1895లో 157 మంది జర్మన్లు, 19 మంది చెక్‌లు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లను దేశం నుంచే వెళ్లగొట్టారు. ఇళ్లు ఖాళీ అయ్యాయి, కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో చాలా ఇళ్లు అట్లాగే పడి ఉన్నాయి. ఎవరూ కూలగొట్టి కొత్తవి కట్టలేదు కాబట్టే 1990 తర్వాత బాగుచేసి మళ్లీ కాపురాలు పెట్టగలిగారు. ఇంత అందం ఇట్లా మిగలడానికి అంతమంది ఊరు వదిలిపోవాల్సి వచ్చింది, ఈ సంగతి పక్కన పెట్టి గోడల ఫోటోలు మాత్రమే చూపించడం నాకు ఇష్టం లేదు.

మాది పరకాల దగ్గరి ఊరు. బొడ్రాయి, కచీరు, కమ్మరి కొలిమి, గూన పెంకుటిళ్లు, అన్నీ ఉండేవి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతే పాత ఇళ్ల కడపలు రోడ్డుకన్నా కిందికి పోయాయి, వాన పడితే నీళ్లు నేరుగా అర్రలోకే. కోతులు గూన పీకి పడేస్తాయి, వానకాలం ముందు ఎక్కి సదిరేవాళ్లు దొరకరు. అందుకే కూలగొట్టి స్లాబ్ వేసుకుంటున్నారు. వాళ్లను తప్పుబట్టలేను, ఎండాకాలంలో స్లాబ్ కింద ఉడికిపోతున్నా సరే వానకు టెన్షన్ ఉండదు కదా. గుడికి చరిత్ర ఉందని అందరం ఒప్పుకుంటాం, వడ్లాయన చెక్కిన టేకు దర్వాజకు, మట్టి గోడలోని దీపం గూటికి, గుమ్మి పెట్టుకునే అర్రకు కూడా ఉందని ఒప్పుకోం. దర్వాజ తీసుకుపోయి హైదరాబాద్‌లో ఏ రిసార్టుకో అమ్ముతారు, మిగతాది ట్రాక్టర్‌లో పోతుంది.

అన్ని ఇళ్లనూ కాపాడలేం, అది నాకు తెలుసు. కానీ కొలతలు తీసుకోవచ్చు, ఏ అర్ర దేనికి వాడేవాళ్లో ముసలివాళ్లను అడిగి రాసుకోవచ్చు. నేను మా ఊరితో మొదలుపెట్టాను. పరకాల, భూపాలపల్లి, ములుగు వైపు ఎవరైనా పాత ఇల్లు కూలగొట్టాలని అనుకుంటుంటే దయచేసి ముందే ఒక మాట చెప్పండి, టేపు, కెమెరా పట్టుకొని నేనే వస్తాను.