మెదక్ చర్చికి పొద్దుండగానే వెళ్లండి

మెదక్ చర్చి చూడాలంటే పొద్దు గుంకకముందే వెళ్లాలి. ఆ రంగుటద్దాల కిటికీలకు బయటి ఎండే ప్రాణం. చీకటి పడితే లోపల కూర్చున్నవాళ్లకు బొమ్మలు కనిపించవు. నాకు అన్నిటికన్నా క్రీస్తు జననం కిటికీ ఇష్టం. మెడ నొప్పెట్టేదాకా అలా చూస్తూనే ఉండిపోయాను.

కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఈ చర్చిని కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందరూ 175 అడుగుల గోపురం గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ రాళ్లు మోసిన కూలీల గురించి, వాళ్ల ఊళ్ల గురించి తెలుసుకోవాలని ఉంటుంది. వాళ్లు లేకపోతే ఈ చర్చే లేదు కదా!

క్రిస్మస్‌కి విపరీతమైన రద్దీ. కిటికీల కోసమైతే మామూలు రోజున, మంచి ఎండలో వెళ్లండి.