రెండోసారి ట్రాన్సామినేజ్ నన్ను ముంచలేదు

పరీక్ష రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. ఇంకా రోజుకోసారి లిస్టులో నా నంబర్ చూసుకుంటూనే ఉన్నాను, నవ్వకండి. బయోకెమిస్ట్రీ ఎలా చదివావని చాలామంది అడిగారు. మొత్తం చెప్పను, ట్రాన్సామినేజ్ సంగతి ఒక్కటే చెబుతాను. అమైనో ఆమ్లం నుంచి అమైనో గ్రూపును తీసి ఇంకో అణువుకిచ్చే ఎంజైమ్ అది.

పోయినసారి ఈ టాపిక్ నాకు కొట్టినపిండి అనుకున్నాను. వీటిలో రెండు ముఖ్యం: ఏఎల్‌టీ అంటే అలనిన్ నుంచి పైరువేట్, ఏఎస్‌టీ అంటే ఆస్పార్టేట్ నుంచి ఆక్సలోఅసిటేట్. వీటికి సాయపడే కోఎంజైమ్ పీఎల్‌పీ, అది విటమిన్ బీ6 నుంచి వస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. 1937లో బ్రౌన్‌స్టీన్, క్రిట్స్‌మన్ కనిపెట్టారన్నదీ బట్టీ పట్టాను, అది ఎవరూ అడగలేదు. అడిగింది వేరు. అమైనో గ్రూపును అందుకునే ఆల్ఫా కీటోగ్లుటరేట్ ఒక్కో గాఢత దగ్గర ఒక్కో లైన్‌వీవర్-బర్క్ గీత (ఎంజైమ్ వేగాన్ని చూపే గ్రాఫు గీత) గీస్తే అవి ఎలా ఉంటాయి? ఒకచోట కలుస్తాయని పెట్టాను. సమాంతరంగా ఉంటాయి. ఇంకో ప్రశ్నలో ఈ రియాక్షన్‌లో అమోనియా విడుదలవుతుందని కూడా పెట్టేశాను. రెండింటికీ నెగెటివ్ మార్కులు. కటాఫ్ తప్పింది ఆ కాస్తలోనే.

నెల రోజులు పుస్తకం ముట్టుకోలేదు. ముట్టుకున్నాక అందులోని పట్టికను పక్కన పెట్టేసి, తెల్లకాగితం మీద మెకానిజం గీశాను. మొదట పీఎల్‌పీ ఎంజైమ్‌లోని లైసిన్‌ను పట్టుకుని ఉంటుంది. అమైనో ఆమ్లం వచ్చి ఆ లైసిన్‌ను తప్పించి తను కూర్చుంటుంది. అమైనో గ్రూపును అక్కడే వదిలేసి, కీటో ఆమ్లంగా మారి వెళ్లిపోతుంది. ఆ గ్రూపును మోస్తున్న పీఎల్‌పీ కాస్తా పీఎంపీ అవుతుంది. ఆ తర్వాతే ఆల్ఫా కీటోగ్లుటరేట్ లోపలికొచ్చి, ఆ గ్రూపును తీసుకుని, గ్లుటమేట్‌గా బయటపడుతుంది. అంటే రెండు సబ్‌స్ట్రేట్లూ (అమైనో ఆమ్లం, ఆల్ఫా కీటోగ్లుటరేట్) ఎంజైమ్ మీద ఒకదానికొకటి ఎదురుపడనే పడవు! పింగ్‌పాంగ్ మెకానిజం అంటే ఇదా, ఆ గీతలు సమాంతరంగా ఉండేది ఇందుకా అని తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. గ్రూపు చేతులు మారిందే తప్ప అమోనియాగా ఊడిపోలేదు. ఊడదీసే పని గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ది.

మిగతావి చకచకా చూసుకోండి. లైసిన్, థ్రియోనిన్, ప్రోలీన్‌లకు ట్రాన్సామినేషన్ జరగదు. ఏఎల్‌టీ ఎక్కువగా కాలేయానిది, ఏఎస్‌టీ గుండెలో, కండరాల్లో కూడా ఉంటుంది. మద్యం వల్ల కాలేయం దెబ్బతింటే రక్తంలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ నిష్పత్తి చాలావరకు 2 దాటుతుంది.

అదృష్టం అంటున్నారు కొందరు. తెలిసిన టాపిక్ మళ్లీ రావడం అదృష్టమే, కాదనను. కానీ ఏడాదిపాటు రోజూ పొద్దున్నే ఫోన్ పక్కగదిలో పెట్టి, చూడకుండా ఒక మెకానిజం గీసింది నేనే కదా. రోజుకు పద్నాలుగు గంటలు చదివానని గొప్పలు చెప్పేవాళ్లలా మాత్రం నేను చదవలేదు, చదవలేను కూడా.

ఈసారి ప్రశ్న ఇది: అలనిన్‌లో నైట్రోజన్-15 (ఆనవాలు పట్టగలిగే బరువైన నైట్రోజన్) పెడితే, ఏఎల్‌టీ పని అయ్యాక అది ఎందులో కనిపిస్తుంది? ఆప్షన్లు చదవకుండానే గ్లుటమేట్ దగ్గర నా పెన్ను ఆగింది.