నేలకు తట్టుకున్న ఐస్‌బర్గే మేలు

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో ఐస్‌బర్గ్‌లు (సముద్రంలో తేలే మంచుకొండలు) చూడాలనుకునేవాళ్లు చాలామంది ముందు హోటల్ బుక్ చేసుకుని, ఆ తర్వాత ఐస్‌బర్గ్ ఎక్కడుందా అని చూస్తారు. ఇది తిరగేసి చేయాల్సిన పని. గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో విరిగిన ముక్కలు లాబ్రడార్ అనే చల్లటి సముద్ర ప్రవాహంలో పడి ఇక్కడికి చేరడానికి సుమారు రెండు మూడేళ్లు పడుతుంది, ఏటా ఒకేలా రావు. ఉత్తర 48వ అక్షాంశం దాటి దక్షిణానికి 2014లో 1,500కు పైగా వచ్చాయి, 2006లో ఒక్కటీ రాలేదు.

మే, జూన్ నెలలు మంచివి. ట్విల్లింగేట్, బోనవిస్టా, సెయింట్ ఆంథొనీ... ఈ మూడు ఊళ్లలో ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకోకండి. బయల్దేరే రెండు రోజుల ముందు కెనడా ప్రభుత్వ మంచు మ్యాప్ తీసి ఏ తీరం దగ్గర ఉన్నాయో చూడండి, వాటిలో ఒడ్డుకు దగ్గర్లో అడుగు సముద్రపు నేలకు తట్టుకుని ఆగిపోయినవి ఏవో కనుక్కోండి. తేలిపోతున్నది రేపటికి ఉంటుందన్న నమ్మకం లేదు. తట్టుకున్నది రోజులు, ఒక్కోసారి వారాలు కదలదు. రేవులో చేపల పడవలవాళ్లను అడిగితే మ్యాప్ కంటే తాజా కబురు దొరుకుతుంది.

దక్షిణపు గాలి వీస్తే జాగ్రత్త. వెచ్చటి తేమగాలి చన్నీటి మీదికి రాగానే పొగమంచు కమ్మేస్తుంది, కిలోమీటరు దూరంలోని మంచుకొండ కూడా మాయం. తూర్పు తీరం కాబట్టి ఉదయం ఎండ ఎదురుగా కొడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మీ వెనక్కి వస్తాడు, మంచులోని నీలి చారలు అప్పుడే తేలతాయి. పగుళ్లలోకి దిగిన నీళ్లు గాలి బుడగలు లేకుండా గడ్డకడితే ఏర్పడేవే ఆ చారలు. కెమెరా తెల్లటి మంచును బూడిదరంగు చేసేస్తుంది కనుక ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) చాలు.

ఐస్‌బర్గ్‌లో పదింట తొమ్మిది వంతులు నీటి కిందే అంటారు. అది బరువు లెక్క, లోతు లెక్క కాదు. కింద కరిగేకొద్దీ బరువు పక్కకు జరిగి, చెప్పాపెట్టకుండా మొత్తం బోర్లా పడుతుంది. అందుకే పడవలో ఉంటే దాని పొడవంత దూరమో, ఎత్తుకు రెండింతలో, ఏది ఎక్కువైతే అంత దూరం ఉండాలి. ముప్పై మీటర్ల ఎత్తు, వంద మీటర్ల పొడవుంటే వంద మీటర్లు కనీసం. కయాక్‌లో అయితే ఇంకా ఎక్కువ. నీటిపైకి మీటరు కూడా లేని చిన్న మంచు ముక్కలు, అంటే గ్రౌలర్లు, అలల మధ్య కంటికి ఆనవు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిన్న ముక్క దొరికితే గ్లాసు నీళ్లలో వేసి చెవి దగ్గర పెట్టుకోండి. వేల ఏళ్లనాటి గాలి చిటపటమంటూ బయటికొస్తుంది.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి, రోడ్డు మీదికి మూస్‌లు (భారీ దుప్పులు) వస్తాయి.