నలభై ఒకటో వచనానికి ముందు

సార్వా కోతలు ముగిసి, ధాన్యం మిల్లులకు చేరి, సంక్రాంతి సందడి సద్దుమణిగాక మా గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాలలో కోత పండుగలు మొదలవుతాయి. ఇటు పాలకొల్లు, నరసాపురం పక్కనైనా, వశిష్ఠ దాటి అటు కోనసీమ లంకలలోనైనా, ఏ ఆదివారం ఏ పేటలో పండుగో ఎవరినీ అడగనక్కరలేదు, మైకే చెబుతుంది. వేదిక ముందు వరికంకుల తోరణం, అరటి గెలలు, కొబ్బరికాయలు, బూడిద గుమ్మడికాయలు, గంపలో బాతుగుడ్లు, కాళ్లు కట్టిన ఒక కోడిపుంజు, మూలన రెండు బస్తాల ధాన్యం ఉంటాయి. ఆరాధన కాగానే వేలం పాట. ఆ రోజు చదివే వాక్యభాగం కూడా దాదాపు ఖాయమే: మార్కు సువార్త పన్నెండో అధ్యాయం, నలభై ఒకటి నుండి నలభై నాలుగు వరకు. బీద విధవరాలు, రెండు కాసులు. బడిపంతులునైన నేను సంఘ కార్యదర్శిగా ఉన్న ఇరవై రెండేళ్లలో ఆ నాలుగు వచనాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రతిసారీ నలభై ఒకటిలోనే మొదలుపెట్టాను, నలభై నాలుగులోనే ఆపాను.

మార్కు ఈ సంగతిని వ్రాసినప్పుడు దానికి అధ్యాయాలూ లేవు, వచనాల అంకెలూ లేవు. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో వచ్చింది. మనం వాడే కొత్త నిబంధన వచనాల అంకెలను 1551లో రొబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వాక్యం వెదకడానికి అవి ఎంతో సాయం చేస్తాయి, కాదనను. కాని చేనికి గట్టు వేసినట్టు, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో కూడా మనకు తెలియకుండానే అవే నిర్ణయిస్తున్నాయి. గట్టుకు ఇవతల నలభయ్యో వచనం ఉంది. శాస్త్రులను గూర్చి జాగ్రత్తపడమని చెబుతూ, వారు నిలువుటంగీలు ధరించి తిరగడాన్నీ, సంతవీథులలో వందనాలనూ, సమాజమందిరాలలో అగ్రపీఠాలనూ కోరుకుంటారని యేసు ప్రభువు అంటాడు. ఆ వెంటనే వచ్చే మాట ఇది: “విధవరాండ్ర యిండ్లు దిగమింగుచు, మాయవేషముగా దీర్ఘ ప్రార్థనలు చేయుదురు.” ఆ మాట నోట ఉండగానే ఆయన కానుకపెట్టె ఎదుట కూర్చుంటాడు, ఒక విధవరాలు నడిచి వస్తుంది. దిగమింగబడిన ఇళ్ల ప్రస్తావన తెచ్చిన మనిషి కళ్ల ముందు అలాంటి ఇంటి మనిషే నిలబడింది. మార్కు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం కాకతాళీయమని నేననుకోను.

శాస్త్రులంటే ఎవరు? చదువూ వ్రాతా కొద్దిమందికే తెలిసిన కాలంలో కలం పట్టగలిగినవారు. ధర్మశాస్త్రం చెప్పేదీ వారే, తగవులు తీర్చడానికి పెద్దమనుషులుగా కూర్చునేదీ వారే. భర్త పోయిన స్త్రీ తన కొద్దిపాటి ఆస్తి వ్యవహారానికి అలాంటివారి గుమ్మమే ఎక్కవలసి ఉంటుంది. దీర్ఘ ప్రార్థన అక్కడే పనికివస్తుంది, ఎందుకంటే అంత భక్తిపరుణ్ణి శంకించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

యెరూషలేము దేవాలయంలో కానుకల కోసం బూర ఆకారంలో పదమూడు పెట్టెలు ఉండేవని యూదుల పాత ధర్మబోధల సంకలనమైన మిష్నా చెబుతుంది. వాటిలో ఒకదానిలో ఆమె రెండు కాసులు వేసింది. రోమా నాణేల లెక్కన ఆ రెండూ కలిపితే ఒక దేనారములో అరవై నాలుగో వంతు, దేనారమంటే ఆనాటి ఒక రోజు కూలి. మన వైపు నేటి కూలి ఆరు వందలనుకుంటే ఆమె వేసింది తొమ్మిది రూపాయల చిల్లర. అందరికంటె ఈమె ఎక్కువ వేసిందని ప్రభువు శిష్యులను పిలిచి చెప్పాడు, “తన జీవనమంతయు వేసెను” అన్నాడు. గ్రీకు మూలంలోని మాటకు బ్రతుకు అనీ, బ్రతుకుతెరువు అనీ రెండర్థాలూ ఉన్నాయి. మన తెలుగు అనువాదకులు అదృష్టవశాత్తూ ఆ రెండర్థాలనూ మోసే ‘జీవనము’ అనే మాటనే వేశారు. అయితే ఒక సంగతి గమనించాలి. మంచి సమరయుని ఉపమానం ముగించి “నీవును వెళ్లి ఆలాగు చేయుము” అన్న ప్రభువు ఇక్కడ ఆ మాట అనలేదు. ఈమెలా మీరూ ఇయ్యండి అని ఎవరికీ చెప్పలేదు. చూశాడు, లెక్క చెప్పాడు, లేచాడు. గట్టుకు అవతల పదమూడో అధ్యాయం. దేవాలయం దాటుతుండగా శిష్యులలో ఒకడు ఈ రాళ్లు చూడు, ఈ కట్టడాలు చూడు అని మురిసిపోతాడు. రాతి మీద రాయి నిలవదు అని ఆయన జవాబిస్తాడు. సుమారు నలభై ఏళ్లకు, క్రీ.శ. 70లో, అది జరిగింది. ఆమె జీవనమంతా పోసింది ఆ రాళ్లకే. ఆ సాయంత్రం ఆమె ఏం తిన్నదో మార్కు వ్రాయలేదు.

ఇలా చదివితే ఆమె త్యాగం చిన్నబోతుందని కొందరు పెద్దలు నాతో వాదించారు. చిన్నబోదు. ఆమె చేయి గొప్పదే, ప్రశ్న ఆ పెట్టె వెనుక నిలబడ్డవారి గురించి. నేను పెరిగిన ఇంట్లో పొయ్యి పైన గూటిలో ఒక పాత హార్లిక్స్ సీసా ఉండేది. మా అమ్మ ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, ఆ గిన్నెలోంచే ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. శేరు వండినా అంతే, అరశేరు వండినా అంతే. నూకలు వండిన రోజున నూకలే వేసేది. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వారి సంచీ వచ్చేది. మా మందిరానికి తాటాకు పోయి పెంకు వచ్చింది ఆ గుప్పెడు బియ్యంతోనేనని పెద్దలు చెప్పుకొనేవారు. ఆ చేతులను తక్కువ చేసే అర్హత నాకు లేదు.

ఈ డెల్టాకు సువార్త వచ్చిన తీరు కూడా గుర్తు చేసుకోదగినదే. ఎక్సెటరులో బాగా గడిచే పళ్లవైద్యం వృత్తిని వదులుకున్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపుతో, విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. వారికి నెలజీతమిచ్చే మిషనరీ సొసైటీ ఏదీ లేదు. దేవుడు పంపినది తినడం, లేనినాడు సర్దుకోవడం వారి పద్ధతి. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు, కాలువలు వచ్చాయి, బీడు భూములు మాగాణులయ్యాయి. మట్టి మోసిన తట్టలు ఎవరివో, ఆ నీళ్లు పారిన చేలు ఎవరివో మా పేటలలో ఎవరినడిగినా చెబుతారు. మా సంఘాలు మొదట నిండినది ఎక్కువగా ఆ తట్టల మనుషులతోనే. జీతం లేని బోధకులూ, భూమి లేని విశ్వాసులూ కలిసి మొదలుపెట్టిన సంఘాలు ఇవి.

ఇప్పుడు మాలోనూ కలిగినవారున్నారు. అది సంతోషించవలసిన సంగతే. ఆకలిని పవిత్రం చేసే భక్తి నాకు రుచించదు. పిల్లలు చదివారు, గల్ఫుకు వెళ్లారు, కొందరు కౌలుకు తీసుకొని, కొందరు కొనుక్కొని రొయ్యల చెరువులు వేశారు. కౌంటు, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, బాగున్న ఏడాది ఒక్క పట్టుబడితో ఇల్లు లేస్తుంది. కాని చేను చెరువయ్యాక కోత పండుగలో కోత ఏది? చేను కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దనీ, రాలిన పరిగె ఏరుకోక బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలనీ లేవీయకాండము చెబుతుంది. పరదేశి విధవరాలైన రూతు బ్రతికింది ఆ పరిగెతోనే. మా చిన్నప్పుడు మా వీధి ముసలమ్మలు కళ్లాల వెంట తిరిగి కుంచెడు, రెండు కుంచాల గింజలు తెచ్చుకొనేవారు. కోత మిషన్లు వచ్చి పరిగె తగ్గింది. చెరువులు వచ్చి అదీ పోయింది, చెరువు గట్టు మీద బీదరాలు ఏరుకొనేది ఏముంది? కూలి మాటకొస్తే, చేలు కోసినవారికి ఇయ్యక బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నదనీ, ఆ కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవుల్లో చొచ్చాయనీ యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. కోత పండుగకు ఇంతకంటె తగిన వాక్యం బైబిలులో మరొకటి లేదు. ఏ పండుగలోనూ అది చదవగా నేను వినలేదు.

వేలం పాట సంగతి లెక్కలు వ్రాసినవాడిగా చెబుతాను. నూరు రూపాయలు చేయని కొబ్బరికాయ ఐదు వేల ఐదు వందలకు పోతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటూ మైకులో పాడినవారి పేరు, తండ్రి పేరు, ఏ దేశంలో ఉన్నదీ చదువుతారు, చప్పట్లు పడతాయి. ఆ కాయ తెచ్చిన మనిషి పేరు ఎవరూ చదవరు. ఇక నా పుస్తకంలో ‘వేలం బాకీలు’ అని ప్రత్యేకంగా ఒక పేజీ ఉండేది. అరటి గెల మూడు వేలకు పాడినవారు దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, పండించుకొని తిన్నాక, ఈస్టరుకు కూడా ఆ డబ్బు కట్టని సందర్భాలు ప్రతి ఏడాదీ ఉన్నాయి. మైకులో పలికిన మాట కానుకగా చెల్లిపోయిందని వారి నమ్మకం కాబోలు. చెరువు మీద కాపలావాడి జీతం మూడు నెలలు ఆపి గుమ్మడికాయ నాలుగు వేలకు పాడిన చేయి కూడా నేనెరుగుదును. తల్లిదండ్రులకు పెట్టవలసినది ‘కొర్బాను’, అనగా దేవార్పితం, అని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు ఏమన్నాడో అతనికి తెలియక కాదు, ఆ భాగం మీద అతనే ఒకసారి చక్కని సాక్ష్యం చెప్పాడు.

దీనికి తోడు ఈ మధ్య కానుకనే విత్తనమంటూ ‘విత్తనం వేయండి, నూరంతలు కోయండి’ అనే బోధ వచ్చింది. విత్తనమంటే ఏమిటో ఎరుగనివారికి ఆ మాట చెప్పినా అర్థముంది, గోదావరి రైతుకు చెప్పడం విచిత్రం. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు కూలినప్పుడు దశమభాగం ఇచ్చినవాడి తోట, ఇయ్యనివాడి తోట అని గాలి తేడా చూడలేదు.

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాశాను. ఆరేళ్ల క్రితం మా పాత మందిరం పడగొట్టి కొత్తది కట్టాలని కమిటీ తీర్మానించింది. లక్ష, ఆపైన ఇచ్చినవారి పేర్లు నల్లరాతి ఫలకం మీద చెక్కించాలని, మిగిలిన ప్రతి ఇంటికీ ఐదు వేలు చందా వేయాలని అనుకొన్నాం. రసీదు పుస్తకం నా చేతిలో ఉంది. మా వీధి చివర, నాకు వరుసకు అత్తయ్యే ఒక విధవరాలు ఉంది. రొయ్యల షెడ్డులో తలలు తీసి బ్రతికేది, వేళ్లు ఒరిసిపోయి ఆ పని మానేశాక ఒకటో తేదీన వచ్చే పింఛనే ఆధారం. ఆమె గుమ్మంలో నిలబడి నేను ముందు ప్రార్థన చేశాను. కొంచెం పొడుగైన ప్రార్థనే. తరువాత చందా మాట చెప్పాను. వారం తిరగకుండా తెచ్చి ఇచ్చింది. ‘ఇచ్చువానిని దేవుడు ప్రేమించును’ అని వ్రాసి ఉన్న రసీదు చింపి చేతిలో పెట్టాను. ఆ డబ్బు పొదుపు సంఘంలో అప్పు తెచ్చిందని చాలా కాలానికి, అదీ వేరొకరి నోట తెలిసింది. మధ్యలో జబ్బు చేసి కట్టలేకపోతే, వడ్డీ కలిపి మళ్లీ వాయిదాలు వేశారట. ఫలకం మీది పేర్లకు అక్షరదోషాలు దిద్దింది కూడా నేనే. అంగీ ఎంత పొడుగో కొలుచుకొనే అద్దం నాకు ఇంతకాలం దొరకలేదు.

ఈ ఏడు పండుగకు ఎప్పటిలాగే చీటీ వచ్చింది: మార్కు 12, 41 నుండి 44. నేను 38 దగ్గర మొదలుపెట్టాను, 13వ అధ్యాయం రెండో వచనం దాకా చదివి కూర్చున్నాను. పాస్టరు గారు ఒకసారి తలెత్తి చూశారు, ఆపలేదు. ప్రసంగం మాత్రం రెండు కాసుల మీదే సాగింది. వేలంలో కోడిపుంజు ఎనిమిది వేలు పలికింది. వాక్యం చదివినంత మాత్రాన పెద్ద మార్పేమీ రాలేదని వ్రాయడమే నిజాయితీ.

మర్నాడు ఐదు వేలు కవరులో పెట్టుకొని ఆమె ఇంటికి వెళ్లాను. విషయమంతా విని నవ్వింది. “ఇచ్చింది తిరిగి పుచ్చుకుంటానా మేష్టారూ? నేనిచ్చింది మీకు కాదు కదండీ” అంది. నేనింకా ఏదో చెప్పబోతుంటే, “ఆ అప్పు మాత్రం ఇంకా మూడు వాయిదాలుందండి. మీకు మరీ అంత బాధగా ఉంటే అది కట్టెయ్యండి” అంది.

పొదుపు సంఘం దగ్గరకు వెళ్తే, నా సంతకం అక్కడ చెల్లదనీ, ఎవరి అప్పుకు వాళ్లే వచ్చి పుస్తకంలో వేలిముద్ర వేయాలనీ అక్కడి లీడరు చెప్పింది. ఒకటో తేదీన పింఛను అందాక ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె వేలు వేస్తుండగా నేను ఇంకుప్యాడు పట్టుకొన్నాను.