చుక్క కారని లీకు

హయత్‌నగర్‌లో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలిపే డీసీఎం మాది. కంపెనీ ఏదైనా ఈ సైజు లారీని డీసీఎం అనడమే మా దగ్గర అలవాటు. 2001 మోడల్, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, కంప్యూటర్ లేని పాత రకం. ఇరవై ఏళ్లకు పైగా నాన్న టెంట్ హౌస్ సామానంతా దీంట్లోనే మోశారు.

మొన్నటి మాఘమాసంలో, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో, పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది. ఆపి ఆపి కొడితే ఒకసారి అందుకుని వెంటనే ఆగిపోతుంది. ఎలాగో నడవడం మొదలైతే మాత్రం సాయంత్రం దాకా ఇబ్బంది లేదు. ఒకరోజు నాగోల్‌లో ఫంక్షన్ హాల్‌కు షామియానాలు రెండు గంటలు ఆలస్యంగా చేరాయి. పెళ్లివారి ముందు నాన్న తల దించుకుని నిలబడడం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వర్క్‌షాపులో చూపిస్తే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే పంపు, నాజిల్స్ విప్పాలి, ముప్పై అయిదు వేలవుతుంది అన్నారు. లారీలు నడిపిన మా మామయ్యకు ఫోన్ చేశాను. "పంపు ఎక్కడికీ పోదురా. ముందు పొగ చూడు" అన్నాడు.

మర్నాడు తమ్ముడు సెల్ఫ్ కొడుతుంటే సైలెన్సర్ దగ్గర నిలబడ్డాను. పొగే లేదు. తెల్లపొగ వస్తే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది కానీ మండడం లేదని. ఏమీ రాకపోతే డీజిలే అందడం లేదని. డీజిల్ ఫిల్టర్ మీద గాలి వదిలే ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీదున్న ప్రైమర్‌ను (చిన్న చేతి పంపు) కొట్టాను. డీజిల్ బదులు సబ్బు నురగలాంటిది బుసబుసా వచ్చింది. బుడగలు పోయి తేట డీజిల్ వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించగానే ఇంజిన్ అందుకుంది. నడుస్తుండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మళ్లీ బిగించి చూశాం. నాలుగింటికీ ఇంజిన్ శబ్దం ఒకేలా పడిపోయింది, అంటే నాలుగు సిలిండర్లూ సమానంగానే పనిచేస్తున్నాయి. ఈ పని చేసేటప్పుడు చెయ్యి దూరంగా ఉంచాలి. అక్కడ చిమ్మే డీజిల్‌కు చర్మంలోకి దూరేంత ప్రెషర్ ఉంటుంది.

తర్వాతి పొద్దున మళ్లీ అదే కథ. రాత్రంతా ఎక్కడి నుంచో గాలి దూరుతోంది, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. బండి కింద అట్ట పరిచి చూస్తే ఒక్క చుక్క లేదు. నాకు అర్థం కానిది ఇక్కడే. మామయ్య చెబితే తెలిసింది: ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పీల్చుకునే లైను. అక్కడ రంధ్రం ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది.

ట్యాంకు లైను తీసేసి, క్యాబిన్ మీద డీజిల్ డబ్బా పెట్టి, వేరే పైపుతో ఫీడ్ పంపుకు కలిపాను. పొద్దున్నే సగం సెల్ఫ్‌కే అందుకుంది. సంబరంగా మామయ్యకు ఫోన్ చేస్తే, "పైన పెడితే దానంతటదే దిగుతుంది కదా. ఆ ఒత్తిడికి ఫీడ్ పంపు దగ్గరి లీకు కూడా గాలి పీల్చదు. డబ్బా ట్యాంకు ఎత్తులో పెట్టి చూడు" అన్నాడు. ఎంత నిజం! కింద పెట్టి ఇంకో రాత్రి ఆగాను. మళ్లీ వెంటనే స్టార్ట్ అయింది. అంటే ఫీడ్ పంపు మంచిదే, తప్పు ట్యాంకు లైనులోనే.

ట్యాంకు దగ్గరి రబ్బరు పైపు బయటికి బాగానే కనిపించింది. వంచితే సన్నటి పగుళ్లు. పుత్లీబౌలి వెళ్లి కొత్త పైపు, క్లాంపులు, రాగి వాషర్లు తెచ్చి వేశాను. ఫీడ్ పంపు ముందు రెండు రోజుల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు పెట్టాను (మామూలు ప్లాస్టిక్ డీజిల్‌కు గట్టిపడి చిట్లుతుంది, ఉంచేయకూడదు). అందులో ఇంకా ఆవగింజల్లాంటి బుడగలు వస్తూనే ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి ఛాసిస్ వెంట వెళ్లే ఇనుప పైపును రెండు వైపులా విప్పి, ఒక కొస మూసి, రెండో కొస నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టాను. తమ్ముడు సబ్బు నీళ్లు పూస్తూ వచ్చాడు. మూడో క్లిప్పు వెనక బుడగ లేచింది. క్లిప్పులో రబ్బరు ఎప్పుడో అరిగిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. అక్కడ తడి నిలిచి తుప్పు పట్టి, సూది మొనంత రంధ్రం పడింది.

పాత పైపును ఆటోనగర్ తీసుకెళ్లి, అదే కొలతకు కొత్తది వంపు తిప్పించుకొచ్చాను. మొత్తం పద్దెనిమిది వందలైంది. అన్ని క్లిప్పుల కిందా పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాను. మర్నాడు అయిదింటికి నాన్నే తాళం తిప్పారు. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఆయన దిగలేదు, అలాగే గేరు వేసుకుని లోడుకు వెళ్లిపోయారు.